రెండో రిమోట్

నా చిన్నప్పుడు మా ఇంట్లో టీవీ మన మాట వినే వస్తువు కాదు. దాని మాట మనం వినాలి. ఎక్కడో ఢిల్లీలో కూర్చున్నవాళ్లు ఏది పంపితే అది చూడాలి. హిందీ వార్తలొచ్చినా చూడాలి, అసలేమీ రాక తెరంతా చుక్కలు కురుస్తున్నా, ఇప్పుడో ఇంకాసేపటికో వస్తుందని ఆ చుక్కల్నే చూడాలి. అలాంటి టీవీ ఒక మధ్యాహ్నం నా బొటనవేలి మాట విన్నది. అది జరిగింది రేపల్లెలో, మా ఇంటి ముందుగదిలో, మా తాతయ్య పక్కన. ఆనాటి విస్మయం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మా తాతయ్య మిషన్ స్కూల్లో పంతులుగా చేసి రిటైరయ్యారు. ఊళ్లో ఆయన పేరుతో ఎవరికీ పని పడలేదు, అందరికీ మాస్టారే. ఆదివారం చర్చిలో హార్మోనియం ఆయనదే. మిగతా రోజుల్లో పొద్దున్నే ముందుగదిలో చాప వేసుకుని ఇంట్లోనే వాయించుకునేవారు. పక్కింటి అక్క వాళ్లు మా మతం కాదు, అయినా ఆవిడకు ఆ పాటలన్నీ వచ్చు. మాస్టారి పెట్టె మోగిందంటే పాలు పొయ్యి మీద పెట్టాలని తనకు గుర్తని చెప్పేది.

ఆ ఏడు వానాకాలంలో తాతయ్యకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. దేవుడి దయ వల్ల మాట పోలేదు. కాలు కూడా నెమ్మదిగా దారికొచ్చింది. చెయ్యి మాత్రం తీగ మీద ఆరేసిన తడి తువ్వాలులా వేలాడేది. హార్మోనియం సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కుడిచెయ్యి మెట్ల మీద ఆడుతుంటే ఎడంచెయ్యి వెనకనున్న తిత్తిని ఊపుతూ గాలి కొట్టాలి. గాలి లేని హార్మోనియం, చెక్కపెట్టె ఒకటే. తాతయ్య దాని మీద దుప్పటి కప్పించి, గోడవైపు తిరిగి పడుకోవడం నేర్చుకున్నారు.

తెనాలి డాక్టరుగారు ఒకటే మాట చెప్పారు. చెయ్యి వాడితే వస్తుంది, కూర్చోబెడితే కూర్చుంటుంది అని. పిసకడానికి ఒక రబ్బరు బంతి కూడా ఇచ్చారు. ఇంటికి రాగానే తాతయ్య ఆ బంతి నా చేతిలో పెట్టి ఆడుకోమన్నారు. ఈ వయసులో తనకు బంతులాటేమిటని ఆయన కోపం. నాయనమ్మ బతిమాలింది, కోప్పడింది, ప్రార్థన చేసింది. మా నాన్న రోజూ తెనాలిలో ఆఫీసు ముగించుకుని రేపల్లె ప్యాసింజరు దిగి వచ్చి, రాగానే చెయ్యి ఎలా ఉందని అడిగేవాడు. కొన్నాళ్లకు ఆ అడగడం కూడా మానేశాడు.

మా చర్చిలో కోతలయ్యాక కోతల పండుగ చేస్తారు. తొలి కంకులు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన కోళ్లు తెచ్చి లోపల పెడతారు. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ ఆవరణలో వేలం వేస్తారు. మా నాయనమ్మ ఏటా తన పెరటి గుమ్మడికాయ తానే ఇచ్చి, వేలంలో తానే పాడి మళ్లీ ఇంటికి తెచ్చుకునేది. ఆ పండుగ తాతయ్య హార్మోనియం లేకుండా ఎన్నడూ జరగలేదు. ఆ ఏడు సంఘపెద్ద పలకరించడానికి వచ్చినప్పుడు తాతయ్య గోడవైపు నుంచి తిరగకుండానే, పెట్టె తనకింక అక్కర్లేదనీ, పండుగలోపు పట్టుకుపోయి వాయించగలిగినవాడికి ఇచ్చెయ్యమనీ చెప్పారు. నాయనమ్మ వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్కింటి అక్క మా ఇంట్లో కరివేపాకు కోసుకోవడానికి వచ్చి, ఇదంతా విని, కరివేపాకు మర్చిపోయి వెళ్లింది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ చంకలో అట్టపెట్టెతో వచ్చింది. అక్క వాళ్లాయనకు బజార్లో వీడియో క్యాసెట్ల షాపు ఉండేది. సరుకు కోసం మద్రాసు వెళ్లినప్పుడు బర్మా బజార్లో ఆ వీడియో గేమ్ కొన్నాడట. వాళ్ల అత్తగారు టీవీ ముట్టనివ్వడం లేదు, కొన్నాళ్లు మీ ఇంట్లో పెట్టుకుంటానంది. ఆ అత్తగారు టీవీ చూస్తే కళ్లు పోతాయని ఆ గది గడప కూడా తొక్కేది కాదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

పెట్టెలోంచి తీసింది ఏమంత గొప్పగా లేదు. టిఫిన్ డబ్బా కంటే కొంచెం పెద్దది, బూడిద రంగు ప్లాస్టిక్కు. నడినెత్తిన క్యాసెట్టు దిగడానికి ఒక నోరు. రెండు పక్కలా వైర్లకు వేలాడుతూ రెండు రిమోట్లు. ఒక్కో రిమోట్‌కీ ఎడమవైపు కూడిక గుర్తు లాంటి మీట, కుడివైపు రెండు ఎర్ర బొత్తాలు. అక్క యాంటెన్నా వైరు పీకి దీని వైరు దోపింది. క్యాసెట్టు అడుగున ఉఫ్ఫని ఊదింది. ఊదకపోతే అది పనిచెయ్యదు. ఎందుకని ఎవరూ అడగలేదు, అందరూ ఊదేవాళ్లే. తర్వాత టీవీ వెనక బొడిపె తిప్పుతూ పోతే చుక్కల వాన తగ్గి, తగ్గి, ఒక్కసారిగా కొండ ఒకటి నిలబడింది. కొండకు అడ్డంగా అంతస్తులు. అడుగున కుచ్చు టోపీలు పెట్టుకున్న ఇద్దరు చిట్టి మనుషులు మా వైపే చూస్తూ నిలబడ్డారు.

నేను రిమోట్ లాక్కోబోయాను. అక్క నన్ను ఆపి తాతయ్య మంచం దగ్గరికి వెళ్లింది.

"మాస్టారూ, దీనికి రెండు రిమోట్లండి. రెండోది కూడా ఎవరో ఒకరు పట్టుకుంటే తప్ప ఆట నడవదండి. ఇంట్లో అందరికీ పనులున్నాయి. మీరు ఊరికే పట్టుకోండి చాలు. రెండు చేతులూ తగలాలి, లేకపోతే లోపలికి కరెంటు అందదండి."

తాతయ్య జీవితమంతా పిల్లలకు సైన్సు చెప్పిన మనిషి. కళ్లజోడు పైనుంచి ఆవిడను చాలాసేపు చూశారు. ఆవిడ వంగి, చక్కగానే ఉన్న వైర్లను సర్దసాగింది. నేను మాత్రం ఆ మాట బైబిల్ వాక్యంలా నమ్మాను. తాతయ్యా, పట్టుకోండి తాతయ్యా అని ఏడుపు మొహం పెట్టాను. ఆయన నిట్టూర్చి లేచి కూర్చున్నారు. నేను ఆ వాలిపోయిన చేతిని ఎత్తి రిమోట్ మీద పెట్టి, బొటనవేలిని మీట మీద ఆనించాను. ఆ వేలు చల్లగా ఉంది.

నేను మీట నొక్కాను. తెర మీద నా మనిషి నడిచాడు. ఎన్నేళ్లయినా ఆ క్షణాన్ని నేను సరిగ్గా చెప్పలేను. నేను ఇక్కడ, వాడు అక్కడ, మధ్యలో అద్దం. నేను కుడికి అంటే కుడికి, ఎగరమంటే ఎగరడం. నాయనమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, ప్రభువా, లోపల ఎవరున్నారే అంది. తాతయ్య కళ్లజోడు సర్దుకుని, "ఇన్నాళ్లూ అది చూపించింది మనం చూశాం. ఇవాళ మనం చెప్పింది అది చేస్తోంది," అన్నారు. తరగతిలో కొత్త పాఠం మొదలుపెట్టే గొంతు అది. ఆ గొంతు వినపడక చాలాకాలమైంది.

ఇక ఆట సంగతి. అంతస్తు అంతస్తుకీ ఎగిరి పైకి ఎక్కాలి. ఇద్దరిలో ఎవరు పైకి వెళితే వాళ్లతోపాటు తెర కూడా పైకి జరుగుతుంది. ఒకసారి జరిగిన తెర మళ్లీ కిందికి దిగదు. కిందున్నవాడు తెర అంచు దాటి పడిపోతాడు, వాడి ప్రాణం పోతుంది. నేనా, ఒక్కచోట నిలిచేదాన్ని కాదు. కోతిలా అంతస్తులన్నీ ఎక్కేసి, పైనుంచి కేరింతలు కొట్టేదాన్ని. తాతయ్య మనిషి అడుగున గోడకేసి నిలబడి ఉండి ఉండి, తెర కింద మాయమైపోయేవాడు. ఒక్కొక్కరికి మూడు ప్రాణాలు. తాతయ్య మూడూ అయిపోయేవి, మళ్లీ మొదటినుంచి.

ఆయన విసుక్కోకపోవడమే నాకు వింత. మూడు ప్రాణాల సంగతి ఆయనకు తెగ నచ్చింది. "మనకు దేవుడు ఒకటే ఇచ్చాడనుకున్నాను అమ్మడూ. నాకు వానాకాలంలో పోయింది మొదటిదన్నమాట," అని నవ్వారు. ఆయన నవ్వుతుంటే నాయనమ్మ పని ఆపి వచ్చి చూసింది.

రోజూ మధ్యాహ్నం అదే పని. నేను బడినుంచి వచ్చేసరికి తాతయ్య మంచం మీద కాకుండా టీవీ ముందు చాప మీద ఉండేవారు. మొదట్లో బొటనవేలు మీట మీద ఉండేది, అంతే. దాన్ని కుడిచేత్తో తోసేవారు. ఒక రోజు ఆయన మనిషి రెండడుగులు నడిచాడు. కుడిచెయ్యి దూరంగా మోకాలి మీద ఉంది. నేను తెరవైపు చూడడం మానేసి ఆ వేలినే చూశాను. అది కదిలింది. టీవీలో మనిషి కదలడం చూసి ఎంత ఆశ్చర్యపోయానో, దానికి వెయ్యింతలు ఆశ్చర్యపోయాను. ఆ వేలిని నడిపిస్తున్నవాడు ఏ పెట్టెలో కూర్చున్నాడో అనిపించింది. సాయంత్రం నాన్న రాగానే తాతయ్య ఆయనకు ఎదురుగా కూర్చుని ఎడంచేత్తో మంచినీళ్ల గ్లాసు పట్టుకున్నారు. సగం నీళ్లు ఒలికాయి. నాన్న ఆ తడి చాప మీదే కూలబడి ఆయన కాళ్లు పట్టుకున్నాడు.

నేను కూడా నెమ్మదిగా ఆగడం నేర్చుకున్నాను. ఒక అంతస్తు ఎక్కి అక్కడే గెంతుతూ ఉండేదాన్ని. కింద తాతయ్య మనిషి తడబడుతూ వచ్చి ఎగిరి, పడి, మళ్లీ ఎగిరి నా పక్కకు చేరేవాడు. అప్పుడు పైదానికి. అలా ఎక్కితే కొండశిఖరం చేరొచ్చని మాకు అప్పుడే తెలిసింది. అది చేరిన రోజు నాయనమ్మ బెల్లం కలిపిన సున్నుండలు చేసింది.

ఇంతలో ఒక రోజు తాతయ్య స్నానానికి వెళ్లారు. నేను ఒక్కదాన్నే ఉండి మీట అటూ ఇటూ నొక్కాను. ఆట మొదలయ్యే ముందు తెర మీద రెండు ఇంగ్లీషు వరుసలు, వాటి పక్కన ఒక బాణం గుర్తు వచ్చేవి. ఆ బాణం మొదటి వరుసకు జరిగింది. ఆట తెరుచుకుంది. కొండ కింద ఒక్కడే మనిషి. నేను ఒక్కదాన్నే ఆడగలను. నాకప్పటికి ఇంగ్లీషు అక్షరాలు రావు, అక్క ఎప్పుడూ బాణాన్ని రెండో వరుస దగ్గరే పెట్టి వెళ్లేది. ఎంత మోసం అనిపించింది. తాతయ్య రాగానే ఫిర్యాదు చేశాను. ఆయన తల తుడుచుకుంటూ తాపీగా అన్నారు.

"ఒక్కళ్లు చాలని మొదటి రోజే చదివానే. ఆ పిల్ల నా కోసం అంత కష్టపడి అబద్ధం కట్టుకొచ్చింది. కాదంటే ఏం బాగుంటుంది?"

ఆ వారమే సంఘపెద్ద రిక్షా వేసుకుని హార్మోనియం కోసం వచ్చారు. తాతయ్య ఇచ్చిన మాట తాతయ్యే మర్చిపోయారు. నాయనమ్మ మర్చిపోలేదు గానీ పైకి అనలేదు. తాతయ్య కాసేపు ఆగమని, పెట్టె మీద దుప్పటి తీయించి దాని ముందు కూర్చున్నారు. ఎడంచెయ్యి ఎత్తి తిత్తి మీద వేశారు. వేళ్లు పట్టుకున్నాయి. ఊపబోతే చెయ్యి జారిపోయింది. మళ్లీ వేశారు. పిల్లిపిల్ల అరిచినట్టు ఒక చిన్న కూత వచ్చి ఆగిపోయింది. గ్లాసు పట్టేంత బలం వచ్చింది గానీ, గాలి కొట్టేంత బలం రాలేదు. ఆయన మూతి బిగించి, తీసుకెళ్లండి అన్నట్టు తల ఊపారు. సంఘపెద్ద కదల్లేక నిలబడ్డారు. పక్కింటి అక్క కిటికీకి ఎదురుగా పిట్టగోడవతల నుంచి చూస్తోంది.

నాకు ఎవరూ చెప్పలేదు. నాకు కనిపించింది ఒకటే: ఆయనకు ఎదురుగా, తిత్తి ఉన్న వైపు చోటు ఖాళీగా ఉంది. వెళ్లి అక్కడ కూర్చున్నాను. తిత్తి పట్టుకుని బలమంతా పెట్టి ఊపాను. హార్మోనియం ఏనుగులా ఘీంకరించింది. తాతయ్య కుడిచెయ్యి మెట్ల మీద పెట్టారు, పాట మొదలైంది, నేను ఉత్సాహం ఆపుకోలేక ఇంకా వేగంగా కొట్టాను. పాట చెదిరిపోయింది. ఆయన వాయించడం ఆపలేదు. కళ్లు మూసుకునే, మెల్లగా అన్నారు.

"అమ్మడూ, నువ్వు పైకి వెళ్లిపోతున్నావు. నేనింకా కింద ఉన్నాను."

నేను ఆగాను. ఆయన వేళ్లవైపు చూశాను. అవి వస్తే ఊపాను, అవి నిలిస్తే నిలిచాను. పాట ఒక్కో అంతస్తూ ఎక్కి నా పక్కకు వచ్చింది. గోడవతల అక్క కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూశాను. ఆ రోజు రిక్షా ఖాళీగానే వెనక్కి పోయింది. కోతల పండుగ నాడు అదే రిక్షాలో హార్మోనియం, దానికి అటు తాతయ్య, ఇటు నేను చర్చికి వెళ్లాం. గుమ్మడికాయల మధ్య కూర్చుని ఇద్దరం కలిసి ఒక్క హార్మోనియం వాయించాం. ఆ తర్వాత తాతయ్య ఉన్నన్నాళ్లూ అది అలాగే మోగింది.

మొన్న తెనాలిలో మా పెదనాన్న మనవడు కొత్త వీడియో గేమ్ కొన్నాడు. దాంట్లో మనుషులు నిజం మనుషుల్లాగే ఉన్నారు, రిమోట్ చేతిలో వణుకుతుంది, ఎక్కడ ఆపితే అక్కడినుంచే మళ్లీ మొదలవుతుంది, ఊదక్కర్లేదు. ఏ దేశంలో ఉన్నవాళ్లతోనైనా ఆడొచ్చట. వాడు గంటసేపు గొప్పలు చెప్పాడు, నేను నోరు తెరుచుకుని విన్నాను. అంతా అయ్యాక రెండో రిమోట్ ఉందా అని అడిగాను. విడిగా కొనుక్కోవాలత్తా అన్నాడు. ముందు అది కొనరా అన్నాను.

మా ఆయనకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. రేపల్లె బండి ఎక్కడానికి వెళ్లినప్పుడల్లా తెనాలి స్టేషన్ వంతెన మెట్ల మీద వెనకబడతాడు. నాకా, ఆ పరుగు బుద్ధి ఇంకా పోలేదు. కానీ మధ్యమెట్టు దగ్గరికి రాగానే నా కాళ్లు వాటంతటవే ఆగుతాయి. బండికి టైమవుతోంటే ఎందుకాగావని ఆయన కింద నుంచి కేకలేస్తాడు. ఆయన వచ్చి నా పక్కన నిలబడేదాకా ఆ మెట్టు మీదే ఉంటాను.