మొయిన్ చాచా ఏ మంటా ఆర్పలేదు

నిన్న మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా గల్లీ మొయిన్ చాచా, వందేళ్లకు దగ్గరపడ్డ మనిషి, పోయారని.

నమ్మలేదు. ఇంకో నంబర్‌కు చేసి కన్ఫర్మ్ చేసుకున్నాను. రిపోర్టర్‌గా రిటైరైనా ఆ అలవాటు పోలేదు.

నిజమే.

సాయంత్రానికే ఆయన ఫోటోతో వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్. "నిజాం కాలంలో మిల్లు తగలబడుతుంటే వందలమందిని కాపాడిన వీరుడు" అట.

అబద్ధం.

చాచా పంపుల మెకానిక్. జరిగింది ఆయనే నాకు చెప్పారు. చాచీ బతికున్నప్పుడు ఆమెనూ విడిగా అడిగాను. ఇద్దరి మాటా ఒకటే.

పంతొమ్మిది వందల నలభైల మొదట్లో సంగతి. చాచాకు అప్పుడే పెళ్లయింది. బహదూర్‌పురా అవతల ఒక పత్తి మిల్లులో నౌకరీ.

దూది గోదాముకు జారే ఇనుప తలుపు. వదిలేస్తే దానంతటదే మూసుకుంటుంది. తెరిచి పట్టుకునేది ఒక తీగ. ఆ తీగ మధ్యలో లింకు. అంటే కొద్ది వేడికే కరిగే టంకంతో అతికించిన రెండు ఇత్తడి రేకులు. నిప్పు అంటుకుంటే టంకం కరిగి రేకులు విడిపోతాయి, తలుపు మూసుకుని మంటను లోపలే ఆపుతుంది. మనిషి అక్కర్లేదు.

దసరాకు మిల్లులో యంత్రాలన్నిటికీ రంగు వేస్తారు. ఆ ఏడు లింకుకూ మందంగా పూసేశారు. రంగు బిగిస్తే టంకం కరిగినా రేకులు విడిపోవు.

ఫైర్ పంపు రిపేరుకు వెళ్లిన చాచా అది చూశారు. లింకు విప్పేశారు. తలుపు ధడాలున మూసుకుంది. బేళ్లు మోసే హమాలీలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

మిల్లు యజమాని సేఠ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది మొయిన్, పండుగ పూట గీ లొల్లి? ఇనుప తీగతోని కట్టెయ్, పని నడవనీ."

"కొత్త లింకు తెప్పియ్యుండ్రి సేఠ్ సాబ్. అది వచ్చేదాంక తలుపు తీసుకుంట, మూసుకుంట పోవాలె."

"జరంత రంగుతోని ఏమైతది?"

"పంపుకు వెయ్యుండ్రి. కావాలంటే నా నెత్తికి వెయ్యుండ్రి. దీనికొద్దు. తీగ కట్టుడు నాతోని కాదు."

"అయితే నీకిక్కడ పని లేదు, పో."

"షుక్రియా" అని చాచా స్పానర్లు సర్దుకున్నారు.

అంతే. ఆ మిల్లులో ఆ తర్వాత కూడా నిప్పు అంటుకోలేదు.

చాచీ కుట్టుపనితో ఇల్లు నడిచింది. ఆమె తిట్టింది గానీ, వెళ్లి మాఫీ అడగమని మాత్రం అనలేదు. తర్వాత మా గల్లీలోనే చాచా సొంతంగా పంపు రిపేరు షాపు పెట్టారు.

ఒకసారి ఆ షాపులో కూర్చుని అన్నాను. "మంటలే రాలేదు గదా చాచా. నౌకరీ ఉత్తగనే పోగొట్టుకున్నరు."

విప్పుతున్న పంపు మీంచి తల ఎత్తలేదు.

"మంట వస్తెనే నేను సహీ అయితనా బేటా? రాకుంటె గలత్ అయితనా? మంట నీ పేపర్‌కు కావాలె. నాకొద్దు."



ఆ ఫార్వర్డ్ పంపినవాళ్లు దయచేసి డిలీట్ చేయండి. ఆయన్ని గొప్పవాణ్ని చేయడానికి మిల్లును తగలబెట్టనక్కర్లేదు.

సలాం చాచా.

మీ మీది మట్టి చల్లగా ఉండాలి. మీరు నెమ్మదిగా నిద్రపోవాలి.