ఆ పొద్దున కారు ఎందుకు విప్పాడో

డ్రైవరన్న పోయాడని శుక్రవారం మధ్యాహ్నం ఊరి నుంచి ఫోను వచ్చింది. సెలవు మీద జగిత్యాల దగ్గర సొంతూరికి వెళ్ళాడు. తిరిగి రావాల్సిన వారంలోనే గుండె ఆగిందట. "మా అన్న దుబాయ్ల ఎట్ల ఉంటుండె?" అని ఆయన తమ్ముడు అడిగాడు. ఇది ఖతర్ అని సరిదిద్దే ఓపిక లేక, మంచోడన్నాను. ఫోను పెట్టేశాక ఆ మాట మీద నాకే అనుమానం వచ్చింది. అది తేలకే ఇది రాస్తున్నాను.

దోహాలో ఇండస్ట్రియల్ ఏరియా వెనుక పాత విల్లాల్లో మా కంపెనీ వాళ్ళం ఉండేవాళ్ళం. చమురు ధర లేచినకొద్దీ టవర్లు లేస్తున్న రోజులు. డ్రైవరన్న మమ్మల్ని సైటుకు బస్సులో తీసుకెళ్ళేవాడు. ఆయనకు సొంతానికి ఒక పాత కారు ఉండేది. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరు విమానమెక్కాలన్నా ఆ కారే దిక్కు. ఏటా ఎండలు ముదరకముందే విల్లా ముంగిట్లో దాని రేడియేటర్ కడిగేవాడు. చల్లటి ఇంజన్ కింద టబ్బు పెట్టి, అడుగున మర తిప్పి, తుప్పు నీళ్ళు వదిలేవాడు. కొత్త నీళ్ళు పోసి, ఇంజన్ నడిపి, చల్లారనిచ్చి, మళ్ళీ వదిలేవాడు. తేటగా వచ్చేదాకా అదే పని. కుళాయి నీళ్ళయితే లోపల ఉప్పు పేరుకుంటుందని తాగే నీళ్ళ క్యానే వంచేవాడు. నాకు ఒళ్ళు మండేది.

"అన్నా, మనుషులు నీళ్ళు లేక ఎండల పడిపోతుండ్రు. నువ్వు ఈ డబ్బాకు తాపుతున్నవ్!"

"డబ్బా అనకురా, అలుగుతది. మల్ల నిన్నే నెట్టుమంటది."

నేను కార్మికుల హక్కుల కరపత్రాలు గట్టిగా చదివితే మాత్రం చేతిలో పని ఆపి వినేవాడు. "మంచిగున్నది, ఇంకోపారి సదువు" అనేవాడు. అది ఇష్టమో వెక్కిరింపో ఇప్పటికీ తెలియదు.

ఆ వేసవిలో, నడి ఎండలో పని ఆపించమని అడగడానికి లేబర్ ఆఫీసుకు వెళ్దామనుకున్నాం. పక్క విల్లా వాళ్ళు టాక్సీలో, మేం నలుగురం అన్న కారులో. "యల్లా, పోదాం" అని ఆయనే అన్నాడు. తెల్లారి చూస్తే బానెట్ లేచి ఉంది. గొట్టం ఊడి పక్కన పడి ఉంది, టబ్బు నిండా తుప్పు నీళ్ళు.

"ఇయ్యాల్నే దొరికిందా నీకు?"

"నిన్న ఇంజన్ల వాసనొచ్చిందిరా. తొవ్వల ఆగితే ఎండకు సస్తరు."

"భయమైందని చెప్పరాదు!"

"అయింది" అన్నాడు. దేనికో చెప్పలేదు.

మాకు ఇంకో టాక్సీ దొరికేసరికి ఆఫీసు మూసేశారు. వెళ్ళొచ్చిన పక్క విల్లా వాళ్ళను కంపెనీ వారం తిరక్కుండా ఇంటికి పంపేసింది. వాళ్ళను ఎయిర్‌పోర్టులో దించింది కూడా అన్న కారే. దారిలో ఏం మాట్లాడుకున్నారో ఎవరూ చెప్పలేదు. తర్వాత మా సైటులో మధ్యాహ్నం పని ఆగింది. ఇప్పుడు నీడలో కూర్చుని అన్నం తింటున్నాను. ఇది ఆ పక్క విల్లా వాళ్ళు పెట్టిన నీడ. ఇక్కడ నన్ను మిగిల్చింది ఆయనా? మమ్మల్ని కాపాడాడా, వాళ్ళను ఒంటరిగా వదిలాడా? నా కరపత్రాల్లో శత్రువుకో పేరుంది, మిత్రుడికో పేరుంది. ఈయనకు ఏదీ అతకదు.

ఆ పొద్దున నా తిట్లన్నీ అయిపోయాక ఆయన గొట్టం బిగించి నీళ్ళు పోశాడు. లోపలి గాలి బుడగలు పోవాలంటే ఇంజన్ నడుస్తుండగా హీటర్ పూర్తిగా తిప్పి ఉంచాలట. ఆ ఎండలో, ఆ వేడిలో, స్టీరింగ్ పట్టుకుని ఒక్కడే కూర్చున్నాడు. అప్పుడు గమనించాను: ఆయన ఒంటి మీద, ఆఫీసులకు వెళ్ళేటప్పుడే తొడిగే ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా ఉంది, పై గుండీ దాకా పెట్టుకుని. అది చెమటకు తడిసి, ఒంటికి అంటుకుపోతోంది.