ఉప్పునీళ్ళలో ఇత్తడి

రేవుకు పోయే వీధి మలుపులో, రెండు గోదాముల మధ్య ఇరుక్కున్నట్టు ఒక కొట్టు ఉండేది. చేతులు బారజాపితే రెండు గోడలూ తగిలే ఆ కొట్టులో ముప్ఫై నాలుగేళ్ళపాటు ఒకాయన చిల్లులు పడ్డ గిన్నెలకూ బిందెలకూ మాట్లు వేశాడు, ఊడిన పిడులు బిగించాడు. వీధి అంతా ఆయన్ని మాట్లాయన అనేది. “మా బావకి మాటలు తక్కువ, మాట్లు ఎక్కువ” అని బావమరిది నలుగురిలో వేళాకోళమాడేవాడు. పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టినవాళ్ళు లేరు. నిలవదని తోచిన గిన్నెను ఒకసారి తిప్పి చూసి, “దీని పని అయిపోయింది, పారెయ్యండమ్మా” అని తిరిగి ఇచ్చేసేవాడు. “వచ్చిన బేరాన్ని గుమ్మంలోంచే సాగనంపే వ్యాపారిని మిమ్మల్నే చూశాను” అని భార్య దెప్పేది. ఈ సంగతి మొదటే చెప్పవలసి వచ్చింది. ఎందుకంటే, తర్వాత జరిగినదానికి ఆయన కక్కుర్తే కారణమని తేల్చేసినవాళ్ళు ఉన్నారు. ఆయనను దారి తప్పించినది ఆయన అనుభవం.

బావమరిది, అంటే ఆయన భార్యకు తమ్ముడు, పద్దెనిమిదేళ్ళు ఇతరుల పడవల మీద కూలికి వెళ్ళాడు. ఒకనాడు వల లాగే యంత్రం తాడు అతని కుడిచేతి వేళ్ళు రెండింటిని తీసుకుపోయింది. పడవ యజమాని ఆసుపత్రికి వచ్చి, పళ్ళు పక్కన పెట్టి, పదిహేను రోజుల కూలి చేతిలో ఉంచి, మళ్ళీ కనబడలేదు. గాయం మానాక అతను రేవులో ప్రతి పడవనూ అడిగాడు. “నీ చేతిలో తాడు జారితే నీతోపాటు ఇంకో నలుగురు పోతారయ్యా” అన్నారు. ఆ మాట క్రూరమైనదే గాని అబద్ధం కాదు. నలభై ఒక్కేళ్ళ వయసు, భార్య, తొమ్మిదేళ్ళ కూతురు. ఇక మిగిలిన దారి సొంత పడవ ఒక్కటే. సొంత పడవవాణ్ణి వేళ్ళు లెక్కపెట్టి చూపించమని ఎవరూ అడగరు.

కొత్త పడవ వాళ్ళ తాహతుకు మించినది. వెతగ్గా వెతగ్గా, ఊరి చివర పని ఆగిపోయిన ఒక భవనం దగ్గర పాత అల్యూమినియం పడవ కనబడింది. పద్నాలుగు అడుగుల పొడవు. పనివాళ్ళు దాన్ని సిమెంటు కలుపుకునే తొట్టిగా వాడి వదిలేశారు. లోపల బెత్తెడు మందాన సిమెంటు రాయిలా బిగుసుకుపోయింది. బావమరిది దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

“పెళ్ళిచూపులకొచ్చినట్టు ఆ తిరగడమేంట్రా, ఏదో ఒకటి చెప్పు” అన్నాడు మాట్లాయన.

“నాకు నచ్చితే ఏం లాభం బావా? పిల్లకి నడక నేర్పాల్సింది నువ్వు కదా.”

మాట్లాయన వేలి కణుపుతో రేకు పొడవునా తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. “రేకు బతికే ఉంది. కీళ్ళు వదిలేశాయి, అంతే.”

పాత సామాను కింద తూకానికి కొన్నారు. సిమెంటు బరువు తూకంలో పడకుండా బావమరిది అమ్మేవాడితో గంటసేపు వాదించాడు.

మరమ్మతుకు నాలుగు నెలలు పట్టింది. పడవను తోపుడుబండి మీద తెచ్చి కొట్టు పక్క సందులో పెట్టారు. సిమెంటును ఉలితో పెచ్చులు పెచ్చులుగా రాల్చారు. పాత రంగును గాజుపెంకులతో గీకారు. బావమరిది తొందర కొద్దీ సోడా కలిపిన నీళ్ళు తెస్తే మాట్లాయన బకెట్టు లాక్కుని కాలవలో పారబోశాడు. “సోడా అల్యూమినియాన్ని తినేస్తుందిరా. రంగుతోపాటు పడవా పోతుంది.” ఆ లోహాన్ని ఏమేమి తింటాయో తనకు పూర్తిగా తెలుసని ఆయన నమ్మకం.

తర్వాత పడవను రాళ్ళ మీద నిలబెట్టి లోపల జానెడు ఎత్తు నీళ్ళు పోశారు. కింద చుక్క కారిన ప్రతిచోటా సుద్దతో సున్నా చుట్టారు. సాయంత్రానికి పడవ అడుగు నిండా సున్నాలే, నూట నలభై పైగా. రేకుల్ని ఒకదానికొకటి కలిపి పట్టుకునే రివిట్లు అరిగి వదులైపోయాయి. వాటన్నిటినీ తీసి కొత్తవి కొట్టాలి. పెద్ద చిల్లులకు అతుకులు కావాలి. అతుకుల కోసం ఆయన కొట్టులో ఎన్నాళ్ళుగానో పడి ఉన్న హోటలు డేగిసాల అడుగులు కోసి, సుత్తితో చదును చేశాడు.

రివిట్ల దగ్గర చెయ్యి ఆగింది. అల్యూమినియం రివిట్లు రేవు దుకాణంలో దొరుకుతాయి. ఉన్న డబ్బు పడవకూ వలకూ సరిపోయింది. కొట్టులో మాత్రం గిన్నెల పిడులకని కొన్న ఇత్తడి రివిట్లు ఒక డబ్బా నిండా ఉన్నాయి. అల్యూమినియం గిన్నెకు ఇత్తడి పిడి బిగించడం ఆయన వేలసార్లు చేసిన పని. అలా బిగించినవి పాతికేళ్ళకు కూడా కదలకపోవడం కళ్ళారా చూశాడు. ఇత్తడి గట్టిది, అల్యూమినియం మెత్తనిది. గట్టిదాన్ని వాడితే నష్టమేమిటి?

కొట్టడం మొదలుపెట్టిన వారంలోనే, పడవలు కట్టే మేస్త్రి ఆ దారిన పోతూ ఆగాడు. ఆ వేళ బావమరిది అక్కడ లేడు. మేస్త్రి డబ్బాలోంచి ఒక రివిట్ తీసి ఎండకు పట్టి చూశాడు.

“ఇదా కొడుతున్నావు?”

“ఇదే.”

“ఇత్తడీ అల్యూమినియమూ ఉప్పునీళ్ళలో కాపురం చెయ్యవు. వంటింటి పనితనం వంటింట్లోనే ఉంచుకో, మాట్లాయనా. సముద్రమంటే చారు గిన్నె అనుకున్నావా?”

“అయితే ఏం చెయ్యమంటావు?”

“నా షెడ్డుకి తోలుకురా. నేను చేస్తాను.” రివిట్‌ను డబ్బాలోకి విసిరేసి వెళ్ళిపోయాడు.

ఇక్కడ తూకం సరిగ్గా వెయ్యాలి. మేస్త్రి చెప్పింది నిజం. కాని కారణం చెప్పలేదు. చెప్పిన ముక్కకు ఎగతాళి చుట్టాడు, చివర బేరం తగిలించాడు. ఎగతాళి వినేవాడి చెవిని గుచ్చింది, బేరం అనుమానం పుట్టించింది, ఆ రెంటి నడుమ నిజం జారిపోయింది. అయినప్పటికీ, తెలిసినవాడు వద్దన్నప్పుడు ఎందుకని అడగవలసిన బాధ్యత వినేవాడిదే. మాట్లాయన అడగలేదు. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాడు. సాయంత్రం వచ్చిన బావమరిదికి ఆ సంగతి చెప్పలేదు.

పడవ బయట మాట్లాయన సుత్తి పట్టుకునేవాడు. లోపల బావమరిది రివిట్ తల మీద ఇనుప దిమ్మ అదిమిపట్టేవాడు.

“మూడు వేళ్ళతో పట్టుకున్నాను, తెలుసా బావా? ఆ పడవల ఆసాముల్ని పిలువు, చూసిపోతారు.”

“నోరు తర్వాత. దిమ్మ గట్టిగా పట్టు.”

“నోరు కూడా పట్టుకునే ఉన్నాను. లేకపోతే నీ దగ్గర నాలుగు నెలలు నిలిచేవాణ్ణా?”

అన్నం గిన్నెతో వచ్చిన మాట్లాయన భార్య సందు మొదట్లోనే ఆగి అంది: “మీ మోతకి పక్కింటి ముసలాయనకి చెవుడు నయమైందట. తినేటప్పుడైనా ఆపండి, లేకపోతే ఆయనకి నేను తిట్టేవి కూడా వినబడతాయి.”

చివరికి అడుగంతా తారు పూశారు. పాత తలుపుల చెక్కలతో బల్లలు బిగించారు. పడవను నీళ్ళలోకి దించిన రోజున లోపలికి ఒక్క చుక్క రాలేదు. అంత వాగుడుకాయ బావమరిది పడవ అంచు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉన్నాడు.

పదకొండు నెలలు పడవ నడిచింది. గొప్ప ఆదాయమేమీ లేదు. ఇంట్లో పొయ్యి వెలిగేది, కూతురి బడి ఆగలేదు. సాయంత్రాలు కొట్టు ముందు ఆగి, “ఇవాళ చేపలన్నీ నన్ను చూసి నవ్వి పోయాయి బావా” అనో, “అక్కతో చెప్పు, పెద్ద గిన్నె కడిగి ఉంచమని” అనో కేక వేసి పోయేవాడు. ఎవరి కిందా పని చెయ్యని మనిషి నడక వేరుగా ఉంటుంది. ఆ నడక వీధి మొత్తం చూసింది.

పదకొండో నెల ఆఖరున ఒక మధ్యాహ్నం, విద్యార్థుల వసతిగృహంలో వంటచేసే ఆవిడ పెద్ద అల్యూమినియం గిన్నె మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది.

“మీరు బిగించిన పిడే. ఊడి చేతికొచ్చింది. మీ పని ఇలా ఉండదే.”

ఇత్తడి పిడి, ఇత్తడి రివిట్. రెండూ చెక్కుచెదరలేదు. రివిట్ చుట్టూ ఉండవలసిన రేకు మాత్రం లేదు. చొక్కా గుండీ అంత మేర తెల్లటి పొడి అయి రాలిపోయింది.

“దీంట్లో ఏం వండుతున్నారమ్మా?”

“వండట్లేదండీ. ఏడాదినుంచి ఉప్పు పోసుకుంటున్నాం. ఆ మూల ఒకటే చెమ్మ, ఉప్పు నీరు కారుతూనే ఉంటుంది.”

మాట్లాయన ఆ పొడిని వేలితో తీసి చూశాడు. కొట్టులో మరొకరి గిన్నె బోర్లించి ఉంది. అదే ఇత్తడి, అదే చేతిపని, అంతకంటే పదేళ్ళు పాతది. రోజూ కడిగి ఆరబెట్టే గిన్నె. దాని రివిట్లు నిన్న కొట్టినట్టున్నాయి. రెంటికీ తేడా ఉప్పూ, చెమ్మా. మూడో తేడా కోసం ఆయన చాలాసేపు వెతికాడు. దొరకలేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఆయన చూసిన సాక్ష్యమంతా నిజమే. కాని అదంతా పొడి గిన్నెల సాక్ష్యం.

“రేపటికి ఇస్తారా?” అంది ఆవిడ.

“ఇది పోయిందమ్మా.”

కొట్టుకు తాళమైనా వెయ్యకుండా రేవు వైపు నడిచాడు. అప్పటికి బావమరిది నీళ్ళ మీద ఉన్నాడు.

మూడు గంటలు ఒడ్డున నిలబడ్డాడు. దూరాన కనబడిన ప్రతి పడవా అదే అనిపించి, దగ్గరికి వచ్చాక ఇంకొకటి అయ్యేది. చివరికి వచ్చింది. చేపల బరువుకు బాగా కుంగి వచ్చింది.

“ఏంటి బావా, నువ్వొచ్చావు? అక్క బాగానే ఉందా?”

“బాగానే ఉంది. పడవని ఇసుక మీదికి లాగు.”

“ముందు సరుకు దింపనీ. ఈ ఏడాదిలో ఇంత పడలేదు, చూడు.”

“లాగరా.”

ఆ గొంతు విని బావమరిది పడవను ఇసుక మీదికి లాగాడు. సరుకు దించాక ఇద్దరూ పడవను ఒక పక్కకు ఒరిగించారు. మాట్లాయన ఒక రివిట్ దగ్గర తారు గీకాడు. కింద తెల్లటి పొడి. స్క్రూడ్రైవర్ మొన ఆనించి నొక్కితే, మాగిన పండులోకి దిగినట్టు దిగిపోయింది. రెండోచోట, మూడోచోట, నాలుగోచోట కూడా అంతే.

బావమరిది వంగి ఆ చిల్లుల వంక చూశాడు. “అయితే ఇన్నాళ్ళూ పడవని మోసింది తారన్నమాట.”

“అవును.”

“సీజను ఇంకో నెలన్నరే బావా. పైన దట్టంగా ఇంకో పూత వేస్తే…”

“వద్దు.”

“సరే.” బావమరిది నడుము మీద చేతులు పెట్టుకుని నీళ్ళ వైపు తిరిగాడు. “సిమెంటు కలుపుకున్న పాత రేకు. ఎన్నాళ్ళు వస్తుంది? నీ తప్పేముంది?”

ఆ మాటను అందుకుని ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. ఆనాడు అన్న మాట మేస్త్రికే గుర్తుండి ఉండదు.

“రేకు తప్పేం లేదురా. నా రివిట్లు తినేశాయి దాన్ని. ఇత్తడి కొట్టొద్దని మేస్త్రి చెప్పాడు.”

“ఎప్పుడు?”

“మొదట్లోనే. ఆ వేళ నువ్వు లేవు. నేను నీకు చెప్పలేదు.”

బావమరిది నీళ్ళ మీదినుంచి చూపు తిప్పాడు. “చెప్పుంటే ఏమనేవాణ్ణో తెలుసా? వాడికి పొగరు, నువ్వు కొట్టు బావా అనేవాణ్ణి.” వంగి ఒక చిల్లును వేలితో తడిమాడు. “కానీ తెలిసి ఎక్కేవాణ్ణి. పోయిన వారం బడికి సెలవని పిల్లని తీసుకెళ్ళాను. బాగా లోపలికి. దానికి ఈత రాదు.”

మాట్లాయన చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉండిపోయింది.

అడుగు మొత్తం మార్చడమంటే కొత్త పడవ కొన్నంత పని. పది రోజుల్లో దాన్ని ముక్కలు చేసి పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. మాట్లాయన భార్య ఎవరినీ ఒక్క మాట అనలేదు. తమ్ముడి ఊసు ఇంట్లో ఎత్తడం మాత్రం మానేసింది. భర్తను దెప్పే అలవాటు కూడా మానేసింది.

మాట్లాయన మేస్త్రి షెడ్డుకు వెళ్ళి, ఏడాది కిందటే అడగవలసిన ప్రశ్న అడిగాడు. మేస్త్రి ఈసారి ఎగతాళి చెయ్యలేదు.

“రెండు రకాల లోహాలు ఉప్పునీళ్ళలో ఒకదాన్నొకటి తాకితే వాటి మధ్య సన్నగా కరెంటు పుడుతుంది. బలహీనమైనది కరిగిపోతుంది. నాకు పని నేర్పినాయన చెప్పాడు.”

“ఈ రెండు ముక్కలు ఆ రోజు చెప్పుంటే?”

“ఆ రోజు నువ్వు అడిగుంటే?”

 మేస్త్రి మళ్ళీ చిత్రిక అందుకున్నాడు గాని, చెయ్యి సరిగా సాగలేదు.

బావమరిదికి రేవులోని ఐస్ గోదాములో పని దొరికింది. లోపలినుంచి ఐసు దిమ్మలను చెక్కబల్ల మీదుగా లారీ దాకా తొయ్యాలి. తెగిన వేళ్ళ మొదళ్ళు చలికి పోటు పెడతాయి. వాటికి గుడ్డ చుట్టుకుంటే తడిసి ఇంకా చల్లబడుతుంది. చుట్టుకోకపోతే రక్తం వస్తుంది. రోజు విడిచి రోజు అటూ ఇటూ మారుస్తాడని తోటిపనివాళ్ళు చెప్పారు. నెల దాటాక మాట్లాయన అక్కడికి వెళ్ళాడు.

“ఎలా ఉన్నావురా?”

“బాగున్నానండి. కూర్చోండి.” అని అతను ఒక చెక్కపెట్టె లాగి వేశాడు.

ఇరవై రెండేళ్ళుగా నోరారా నువ్వంటూ వచ్చిన మనిషి. ఆ గొంతులో కోపం లేదు, వెటకారమూ లేదు. సరుకు కోసం వచ్చిన కొత్త వ్యాపారితో మాట్లాడినట్టుంది. మాట్లాయన పెట్టె మీద కూర్చున్నాడు. ఏమి చెప్పాలని వచ్చాడో అది చెప్పేలోపు లోపలినుంచి పిలుపు వచ్చింది, బావమరిది వెళ్ళిపోయాడు.

మూడు దిమ్మలు బయటికి వచ్చేదాకా ఆయన కూర్చున్నాడు. మూడుసార్లూ బావమరిది ఆయన కాళ్ళకు తగలకుండా దిమ్మను జాగ్రత్తగా పక్కకు తప్పించి తోసుకుపోయాడు.