డైవర్ కోసం ఉంచిన చోటు

ఒక పెద్దాయన పళ్ల సెట్టులో ముందు పన్ను రంగు కుదరక, ఆమె ఆ మధ్యాహ్నం దాన్ని మళ్లీ మార్చింది. పళ్లు కట్టే ఆ ల్యాబులో చివరి చూపు ఆమెదే. ఆమె సరేనంటేనే సెట్టు బయటికి వెళ్తుంది. ఇంట్లో తను పోగుచేసే బొమ్మలనూ అదే చూపుతో చూస్తుంది కాబట్టి, ఇన్నేళ్లుగా కొంటున్నా అద్దాల అల్మారా ఒక్కటే ఉంది.

మొదట్లో ఇలా ఉండేది కాదు. సీలు తీయని డబ్బాలు మంచం కింద, అటక మీద, చివరికి వాషింగ్ మెషీన్ వెనక కూడా ఉండేవి. ఒకసారి ఎగిరి గంతేసి కొన్న వ్యోమగామి బొమ్మలాంటివాడే ఇంకొకడు అప్పటికే అటక మీద ఉన్నాడని తేలింది.

"కవలలన్నమాట. పేర్లు ఆలోచించు" అన్నాడు భర్త.

ఆమె నవ్వింది. ఆ ఆదివారమే డబ్బాలన్నీ దించి కత్తెర పట్టుకుంది. విప్పి చూస్తే సగం బొమ్మలు ఆమెకు నచ్చనే లేదు. వాటిని పిల్లలున్న ఇళ్లకు పంచేసింది. అప్పటి నుంచి ఒకటే పద్ధతి. డబ్బా విప్పాలి, బొమ్మను నిలబెట్టాలి, ముఖం చూడాలి. ఆ తర్వాతే కొనడం.

అల్మారా మధ్య అరలో ఓడ సిబ్బంది ఉంటారు. కెప్టెన్, ఇంజన్ మనిషి, వంటవాడు, లాంతరు పట్టుకున్న కాపలావాడు. వంటవాడికీ కాపలావాడికీ మధ్య ఒక ఖాళీ. అది ఆ సెట్టులో ఇంకా దొరకని, సముద్రం అడుగుకు దిగే డైవర్ కోసం. ఆరేళ్లుగా అక్కడ ఇంకేదీ పెట్టనివ్వలేదు.

సాయంత్రం బొమ్మల కొట్టాయన ఫోన్ చేశాడు. "మేడమ్, మీ డైవర్ దొరికాడు. ఇంకొకాయన కూడా అడుగుతున్నాడు, త్వరగా రండి."

ల్యాబు కోటు విప్పడం కూడా మరచి పరుగెత్తింది. కొట్టాయన డబ్బాను కౌంటర్ మీద పెట్టాడు గానీ దాని మీద నుంచి చెయ్యి తీయలేదు.

"విప్పండి, చూస్తా."

"విప్పితే ఇంకెవరు కొంటారు మేడమ్? విలువంతా సీలుదే కదా!"

"సీలును తీసుకెళ్లి అల్మారాలో పెట్టుకోమంటారా?"

"అయితే ఒక మాట. విప్పితే ఇక మీదే. నచ్చలేదంటే వెనక్కి తీసుకోను."

ఆమె కాసేపు ఆలోచించింది. కాదని వెళ్లిపోతే వాడు మళ్లీ దొరకడు. విప్పకుండా కొంటే మళ్లీ మంచం కింద డబ్బాలే.

"సరే, విప్పండి. కొంటాను. అల్మారాలోకి వస్తాడా రాడా అన్నది మాత్రం వాణ్ని చూశాకే."

డైవర్ ఒంటికాలి మీద కూడా తూలకుండా నిలబడ్డాడు. గాలి గొట్టం, బరువైన బూట్లు, నడుముకు కత్తి, అన్నీ బాగున్నాయి. హెల్మెట్ కిటికీ తెరిచి ముఖం చూసింది. రోజంతా అచ్చులతో పనిచేసే మనిషికి ఇట్టే తెలిసిపోయింది. అది కెప్టెన్ ముఖం. అదే అచ్చు, గడ్డం మాత్రం లేదు.

"కెప్టెన్‌కి గడ్డం గీసి నీళ్లలోకి దించేశారండీ!"

కొట్టాయన వంగి చూశాడు. "కిటికీ మూసేస్తే ఎవరు కనిపెడతారు మేడమ్?"

"నేను కనిపెట్టాగా" అని డబ్బు ఇచ్చేసింది.

ఇంట్లో భర్త డైవర్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇన్నేళ్లు ఎదురుచూశావు, పెట్టెయ్యరాదూ? సెట్టు పూర్తవుతుంది."

ఆమె అల్మారా ముందు నిలబడింది. వంటవాణ్ని కొన్నది వాడి కాలిన బొటనవేలు చూసి. కాపలావాణ్ని కొన్నది నిద్ర ఆపుకుంటున్న ఆ కళ్లు చూసి. డైవర్‌ను మాత్రం ఒక్కసారైనా చూడకుండానే కోరుకుంది. ఖాళీ ఉంది కాబట్టి కోరుకుంది. ఆ ఖాళీ పెట్టింది తనే.

"పూర్తి చెయ్యమని మనల్ని ఎవరడిగారు?" అంటూ వంటవాణ్ని కొంచెం ఇటు, కాపలావాణ్ని కొంచెం అటు జరిపింది. అర నిండుగా కనిపించింది.

"ఇంత తేలికని తెలిస్తే నేనెప్పుడో జరిపేవాణ్ని కదే!"

"జరిపి చూడాల్సింది. అప్పుడు చెప్పేదాన్ని."

మర్నాడు డైవర్ చెల్లెలి కూతురి చేతికి వెళ్లాడు.

"పెద్దమ్మా, వీడు నిజంగా మునుగుతాడా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఆ పిల్ల బాత్రూములోకి పరుగెత్తింది. వారం తిరక్కుండానే ఒక బూటు ఊడిపోయింది. మిగిలిన బూటుతోనే వాడు రోజూ బకెట్లోకి దిగుతున్నాడు.