పక్కకు జరిగిన సత్తెమ్మ

జయపాల్ పెండ్లి వీడియో తీస్తే అందులో ఇద్దరే ఉంటారు. నాగర్‌కర్నూల్ నుంచి గద్వాల దాకా ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. డ్రోన్ ఎగరేయడు, పెండ్లికూతుర్ని గిరగిరా తిప్పించడు, "ఇటు చూడు, నవ్వు" అని ప్రాణం తీయడు. ఒక్కడే వస్తాడు, ఒక్క కెమెరాతో. పిల్లా పిలగాడూ ఒకరినొకరు దొంగచూపు చూసుకునేదాకా ఓపిగ్గా కాచుకుని కూర్చుంటాడు. ఆ రెండు ముఖాలే తేటగా పెట్టి, వెనకున్న లోకాన్నంతా మసక చేసేస్తాడు. "నీ వీడియోల చూస్తే పెండ్లికి చుట్టాలెవ్వరూ రానట్టే ఉంటదయ్యా" అని వనపర్తిలో ఒక మేనమామ ఎగతాళి చేస్తే, జయపాల్ దాన్ని మెప్పు కింద రాసుకున్నాడు. అంత గీర ఉండేది.

నిరోషది తెలకపల్లి పక్క ఊరు. పెండ్లి కుదిరాక ఒక మధ్యాహ్నం ఒక్కతే ఆయన దుకాణానికి వచ్చింది. తల్లి సత్తెమ్మ నిరుడు జ్వరమొచ్చి పోయింది. ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప ఇంట్లో ఇంకో ఫోటో లేదు. ఆ బొమ్మతోనే ఎవరో ఏఐలో తల్లిని నడిపించి, పందిట్లోకొచ్చి దీవిస్తున్నట్టు చేసిచ్చారట. ఫోన్లో చూపించింది. పట్టుచీర కట్టిన ఒకావిడ పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది.

"మా అవ్వకు ముందర పన్ను లేదన్నా. గిట్ల ఎన్నడూ నవ్వలే. ఈమెను చూస్తే నాకు భయమైతుంది," అంది నిరోష. "అవ్వ ఫంక్షన్ హాళ్లల్ల బోళ్లు తోమేది. నువ్వు తీసిన పెండ్లిళ్లల్ల యాడనన్న ఉంటది. జర దేవులాడు. ఆమె నడుస్తుంటే ఒక్కసారి చూస్తే చాలు."

జనానికి ఇచ్చిన వీడియోల్లో సత్తెమ్మ ఎందుకుంటుంది? కోసెయ్యక ముందు తీసినదంతా డిస్కుల్లో ఉంది. జయపాల్ అది తెరిచి, మొదటిసారి ఆ మసకలోకి చూడటం మొదలుపెట్టాడు. ఎంతమంది జనం! నీళ్లు పడి అలుక్కుపోయిన బొమ్మల్లా పెండ్లికూతుళ్ల వెనక నిలబడి ఉన్నారు. వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. తమ వీధిలో ఉండి పోయిన అమృతమ్మను చేతికర్రను బట్టి పోల్చుకున్నాడు. ఆమె పక్కింటి గోవిందును తలపాగాను బట్టి. అందరూ తనవైపే చూస్తున్నారు.

తెలకపల్లిలో తీసిన ఒక పెండ్లిలో సత్తెమ్మ దొరికింది. నడుముకు తువాలు చుట్టుకున్న ఒక ఆకారం తడిచేతులు తుడుచుకుంటూ పెండ్లికూతురి వెనక నుంచి ముందుకొస్తోంది. ఇంకొంచెం వస్తే ముఖం తేటపడుతుంది. జయపాల్ తెరకు దగ్గరగా వంగాడు.

"ఏ అవ్వా! పక్కకు జరుగు. కెమెరాకు అడ్డమొస్తున్నవ్, కనబడతలేదా?"

అది తన గొంతే.

ఆకారం ఆగి, పక్కకు తప్పుకుంది. తెర మీద లేదు. కెమెరాకు ఆనుకునే నిలబడిందేమో, మాట మాత్రం చెవిలో చెప్పినంత తేటగా వినిపించింది. "జరుగుత కొడుకా, జరుగుత. పిల్ల అచ్చం మా నిరోష లెక్కున్నది. జర చూద్దామని వచ్చిన."

జయపాల్ సిగ్గుతో చచ్చిపోయాడు. తన అరుపూ, ఆమె జరుగుతానన్న మాటా కోసేసి మిగతాది నిరోషకు చూపించాడు. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. చివరికి అడిగింది, "ఎవరితోటి అంటుందన్నా?"

తెల్వదని చెప్పబోయాడు. చెప్పకుండా, మొత్తం పెట్టి వినిపించాడు.

నిరోష తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. "మా అవ్వకు గా మాట కొత్త గాదు," అంది. "యాడికి వొయినా జరుగు అనెటోళ్లే. నా పెండ్లిల మటుకు ఎవర్నీ జరగమనకు అన్నా."

పెండ్లి ఆత్మకూరులో, మగపెండ్లివాళ్ల ఊళ్లో. బస్సులో కండక్టర్ "జరగండి, లోపలికి జరగండి" అని అరిచినప్పుడల్లా జయపాల్‌కు తన గొంతే వినిపించింది. ఆ రోజు వెనకున్నవాళ్లను మసక చేయలేదు. అందరి ముఖాలూ తేటగా వచ్చేలా కెమెరా పెట్టుకుని నిలబడ్డాడు. పుస్తె కట్టే వేళకు మేళం జోరందుకుంది. సరిగ్గా అప్పుడే నడుముకు తువాలు చుట్టుకున్న ఒక ముసలామె వచ్చి కెమెరాకు అడ్డంగా నిలబడింది. చేతులు తడిగా ఉన్నాయి. పాత అరుపు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ఆమె ఇటు తిరగలేదు. తర్వాత బోళ్లు తోమే చోటికి పరుగున పోయి చూస్తే ఇద్దరు వయసు పిల్లలున్నారు. "పెద్దోళ్లెవరూ రాలే అన్నా, పొద్దున్నించి మేమిద్దరమే," అన్నారు.

వీడియో చూడటానికి నిరోష మొగుణ్ని తీసుకుని వచ్చింది. పుస్తె కట్టే చోట పిలగాడి చేతులు లేవు, పుస్తె లేదు. తెర నిండా ఒక వీపు.

"ఎవరన్నా ఈమె?"

"తెల్వదమ్మా. ఇటు తిరగలే. గా ముక్క కోసేస్త, పైన అక్షింతలేసేది పెడత."

నిరోష తెర మీది ఆ వీపు మీద వేలు పెట్టింది.

"వద్దన్నా. ఆమెను చూడనియ్యి."