వేలెడంత కుందేలుకి కుట్టిన పరుపు

నేను టైలర్ని. నా కుట్టు వంకర పోయిందని మా కొట్టుకి వచ్చేవాళ్లెవరూ ఇంతవరకూ అనలేదు. అన్నవాళ్లు మళ్లీ రాలేదు కాబట్టి వాళ్లు లెక్కలోకి రారు.

మా ఆవిడ పెంచుకునే కుందేలు ఆరు పిల్లల్ని పెట్టింది. అయిదు బొద్దుగా ఉన్నాయి. ఆరోది నా బొటనవేలంత కూడా లేదు. బొచ్చు లేని ఒళ్లంతా ముడతలు, పొట్ట లోపలికి పోయింది, తోబుట్టువులు తోసేస్తే పెట్టె మూలకి చేరింది. తల్లేమో తన బొచ్చే పీకి గూట్లో పరిచేసి, పిల్లల వంక చూడకుండా గడ్డి నములుతోంది. నాకు ఒళ్లు మండింది.

"అదేం తల్లే, పాలివ్వడానికి కూడా బద్ధకమేనా?" అన్నాను.

"కుందేళ్లు పొద్దున్నే ఓసారి ఇచ్చి పోతాయండీ. రేపు మిగతావాటిని పక్కన పెట్టి దీనికి ముందు పట్టిద్దాం. అంతవరకూ మీరు చెయ్యి పెట్టకండి," అంది మా ఆవిడ.

చెయ్యి పెట్టొద్దంటే నా చేతులు ఊరుకోవు. ఆవిడ అలా బజారుకి వెళ్లగానే గూడు మళ్లీ చూశాను. కుట్టు లేదు, అంచు లేదు, అదీ ఒక పక్కేనా అనిపించింది. కొట్లో మిగిలిన ముక్కలు ఏరి, దూది కూరి అరచేతంత పరుపు కుట్టాను. కప్పడానికి దుప్పటి కూడా. అంత పనితనం నా పెళ్లి సూటుకి కూడా చూపించలేదు. చిన్నదాన్ని అందులో పడుకోబెట్టి, వెచ్చగా ఉంటుందని ఇస్త్రీ బల్ల మీద పెట్టుకున్నాను. కొలతలివ్వడానికి వచ్చిన లెక్కల మాస్టారికి చూపిస్తే బాగుందన్నాడు. తన ప్యాంటు గుడ్డ గురించి అన్నాడేమో తెలీదు.

దుప్పటి లోపలివైపు దారాల కొసలు కత్తిరించలేదు. బయటికి కనిపించనిచోట వదిలేయడం నాకు అలవాటే. ప్యాంట్లకి కాళ్లు కొట్టుకునే గుణం లేదు కాబట్టి ఇన్నాళ్లూ బతికిపోయాను.

మాస్టారి గుడ్డ కత్తిరించి వచ్చి చూసేసరికి, ఓ దారం పిల్ల వెనకకాలికి చుట్టుకుని బిగుసుకుపోయింది. పాదం ఉబ్బి నీలంగా మారింది. సరిగ్గా అప్పుడే మా ఆవిడ సంచీతో లోపలికొచ్చింది.

"ఇలా రా. ఓ ఘనకార్యం చేశాను," అన్నాను.

ఆవిడ చూసింది. నాలుగు తిట్టినా బాగుండేది. సంచీ కింద పెట్టి, పిల్లని అరచేతిలోకి తీసుకుని నా ముందు పట్టుకుంది. నేను సన్న కత్తెర అందుకున్నాను.

"చెయ్యి వణుకుతోందేంటండీ?"

"నా చెయ్యి కాదు. అదే కదులుతోంది."

"అది కదలట్లేదండీ."

చావకే తల్లీ, అని పైకే అనేశాను. పెళ్లయ్యాక మా ఆవిణ్ణి కూడా అంతలా బతిమాలలేదు. కత్తెర మొన దారం కిందికి దూర్చాను. తెగింది. ఆవిడ గుప్పిట మూసి, సందులోంచి నోటి ఆవిరి ఊదుతూ కూర్చుంది. ఎంతసేపటికో పాదానికి రంగొచ్చింది. ఇంకాసేపటికి అదే పాదంతో నా వేలిని తన్నింది.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడ ఆ అయిదింటినీ బుట్టలోకి తీసేసింది. తల్లిని ఒళ్లో పట్టుకుని కదలకుండా కూర్చోవడం నా వంతు. చిన్నది తడుముకుని తడుముకుని పాలు దొరకబుచ్చుకుంది. లోపలికి పోయిన పొట్ట నా కళ్లముందే గుండ్రంగా తేలింది. అప్పుడు కనిపించింది, తల్లి ఛాతీ మీద బొచ్చు పీక్కున్నచోట చర్మం ఇంకా ఎర్రగా కంది ఉంది. నేను పరుపు కుట్టింది ఎవరో వదిలేసిన గుడ్డముక్కలతో. నిన్న దీన్ని బద్ధకస్తురాలన్న నోరు కూడా ఇదే. సిగ్గేసింది.

"ఏంటి, ఇవాళ మాట్లాడట్లేదు?" అంది మా ఆవిడ.

"ఉండు, తాగుతోంది," అన్నాను.