వంటింటి గుమ్మం మీది గీత

మా పక్కింటి ఆంటీ పోయారు. నాలుగు రోజుల క్రితం పొద్దున బస్‌స్టాప్‌కు వెళ్తుంటే ఆవిడ మనవరాలు గేటు దగ్గర ఆపి చెప్పింది. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే పోయారట. వాళ్ళ మతంలో ఆలస్యం చేయరు. మరుసటి రోజే అంత్యక్రియలు అయిపోయాయి.

మేం ఇంగ్లిష్ వాళ్ళ దేశంలో, స్టాన్‌మోర్ అనే పేటలో ఈ ఇంటికి వచ్చిన వారంలోనే ఆంటీ కంచె మీదుగా పలకరించి, చెత్త బిన్‌లు ఏ రోజు బయట పెట్టాలో చెప్పారు. వాళ్ళ ఆహార నియమాల వల్ల మా ఇంటి నుంచి ముక్కలు చేయని పండ్లు తప్ప ఏదీ పుచ్చుకునేవారు కాదు. పులిహోర తాలింపు వేస్తే మాత్రం కిటికీ తెరిచేవారు. "వాసన చూడ్డానికి మా మతం అడ్డు చెప్పదులే," అనేవారు.

ఆంటీ వాళ్ళు యూదులు. నాజీల కాలంలో ఆవిడ పదేళ్ళ పిల్లగా, యూదు పిల్లలను తప్పించే రైలెక్కి ఒక్కతే ఈ దేశం వచ్చారు. చెల్లెలు తర్వాతి రైల్లో రావాలి. ఈలోగా యుద్ధం మొదలైంది, ఆ రైలు కదల్లేదు. చెల్లెలినీ అమ్మానాన్నలనీ క్యాంపులో చంపేశారు.

ఇది ఇంట్లో పిల్లలకు ఎప్పుడు చెప్పాలన్నదానికి ఆవిడకో పద్ధతి ఉండేది. వంటింటి గుమ్మం చెక్క మీద ఒక పెన్సిల్ గీత. స్టేషన్‌లో విడిపోయిన రోజు చెల్లెలి ఎత్తు అది. "కొంచెం అటూ ఇటూ అయి ఉండొచ్చు. రైలు కిటికీలో నన్ను చూడాలని మునివేళ్ళ మీద నిలబడింది," అనేవారు. ఏ పిల్ల తల ఆ గీతను తాకితే ఆ రోజు ఆ పిల్లకు చెప్పాలి. ముందే అడిగితే, "ఇప్పుడే కాదు. ముందు తిను." తాకిన రోజు కూడా ముందు కడుపు నిండాల్సిందే. ఆకలిగా ఉన్న పిల్లకు క్యాంపు ఆకలి కథ చెప్పననేవారు.

మా అమ్మాయి వాళ్ళింట్లోనే ఆడుకునేది. అదీ ఒకరోజు గీతను తాకింది. ఆంటీ వచ్చి మా తలుపు తట్టారు. "చెప్పనా? వద్దంటే మానేస్తాను." పిల్ల బెదిరిపోతుందేమోనని నాకు భయమే. అయినా సరేనన్నాను.

సాయంత్రం అడిగాను. "ఏం చెప్పింది బిడ్డా ఆంటీ?"

"హర్ సిస్టర్ గురించి, మమ్. షీ లైక్డ్ చెర్రీస్. పాట పాడితే అన్నీ తప్పులేనట."

"గంతేనా?"

"నో. దే కిల్డ్ హర్. అది లాస్ట్‌ల చెప్పింది."

ఆ మాటే తర్వాత ఆంటీతో అన్నాను. "ముందు మనిషిని పరిచయం చేయాలి. లేకపోతే పిల్లలకు చావొక్కటే గుర్తుంటుంది," అన్నారు.

ఈ మధ్య ఆవిడకు ఒకటే బెంగ. ఆఖరి మునిమనవరాలు పొట్టిది. "అది పెరిగేదాకా నేనుండాలి. పుస్తకాలు అన్నీ చెబుతాయి గానీ, మా చెల్లి నవ్వు వాటికేం తెలుసు?" అనేవారు.

నిన్న వాళ్ళింటికి కమలాపండ్లు తీసుకెళ్ళాను. సంతాపం పాటించే వారం రోజులూ ఇంటివాళ్ళు పొట్టి కుర్చీల్లో కూర్చుంటారు. ఆంటీ లేని ఆ వంటిల్లు చూస్తే నాకు ఏడుపొచ్చింది. అంతలో ఆ చిన్నది వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడి, మునివేళ్ళ మీద లేచింది.

"ఇప్పుడు నాకెవరు చెబుతారు?"

మనవరాలు పొట్టి కుర్చీలోంచే తల తిప్పింది. "నేను చెబుతా. నాకు చెర్రీలూ తెలుసు, పాటలూ తెలుసు. కానీ ఇప్పుడే కాదు. ముందు తిను."

నేను కమలాపండు ఒలిచి ఇచ్చాను. పిల్ల మడమలు దించి, గుమ్మానికి వీపు ఆనించి, ఒక్కో తొనా తింటూ నిలబడింది. తలకూ గీతకూ మధ్య ఇంకా రెండు వేళ్ళ చోటుంది.